ఇంగ్లండ్ ఎర్ర శిలువ జెండా: అపోహలు – వాస్తవాలు

యూరో కప్పో, ప్రపంచకప్పో వచ్చిందంటే ఇంగ్లండ్‌లో పబ్బుల ముందు, ఇళ్ల కిటికీలకు, కార్ల అద్దాలకు తెల్ల బట్ట మీద ఎర్ర శిలువ కనిపిస్తుంది. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మనవాళ్లకు దాని గురించి రకరకాల మాటలు చెవిన పడుతుంటాయి. జెండాల కొలతలు, కుట్లు, ఎగరేసే పద్ధతులే మా పని. తరచూ వినిపించే మాటల్లో ఏది నిజమో ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: ఇంగ్లండ్ జెండా అంటే యూనియన్ జాకే.

యూనియన్ జాక్ బ్రిటన్ మొత్తానిది. 1606లో ఇంగ్లండ్ ఎర్ర శిలువను, స్కాట్లండ్ నీలం మీద మూల నుంచి మూలకు సాగే తెల్ల ఏటవాలు గీతలను కలిపారు. 1801లో ఐర్లండ్ పేరున ఎర్ర ఏటవాలు గీతలు చేరాయి. వేల్స్ అప్పటికే చట్టపరంగా ఇంగ్లండ్‌లో కలిసిపోవడంతో దానికి అందులో చోటు దక్కలేదు. ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఒకే జట్టు కాబట్టి యూనియన్ జాక్ ఎగురుతుంది. ఫుట్‌బాల్‌లో, కామన్వెల్త్ క్రీడల్లో ఇంగ్లండ్ వేరే జట్టు కాబట్టి అక్కడ ఎర్ర శిలువ. క్రికెట్‌లో కొంచెం తిరకాసు ఉంది. బోర్డు ఇంగ్లండ్, వేల్స్ రెండింటిదీ, జట్టు పేరు మాత్రం ఇంగ్లండ్.

ఎర్ర శిలువను తలకిందులుగా కట్టినా తేడా తెలియదు. యూనియన్ జాక్ అలా కాదు. కర్ర వైపున్న పై మూల చూడండి: అక్కడ ఎర్ర ఏటవాలు గీతకు పైన వెడల్పాటి తెల్ల పట్టీ, కింద సన్నటి పట్టీ ఉండాలి. సన్నది పైకి వస్తే జెండా తలకిందులైనట్టే. పెద్ద పెద్ద కార్యక్రమాల్లో కూడా ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది.

అపోహ: జెండా ఎంత పాతదో, దాన్ని పట్టుకుని ఊగే అభిమానమూ అంతే పాతది.

బట్ట పాతదే. 1188లో క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవ సైన్యాలు చేసిన యుద్ధానికి సిద్ధమైనప్పుడు ఇంగ్లిష్ సైనికులకు దక్కింది నిజానికి తెల్ల శిలువ, ఎరుపు ఫ్రెంచివాళ్లది. 1277లో వేల్స్ మీదికి వెళ్లిన మొదటి ఎడ్వర్డ్ సైన్యం నాటికి ఇంగ్లండ్ తన రక్షకుడిగా భావించే క్రైస్తవ సాధువు సెయింట్ జార్జ్ పేరిట ఎర్ర శిలువ గుర్తుగా కనిపిస్తుంది. స్టేడియంలో దానికి వచ్చిన అర్థం మాత్రం చాలా కొత్తది.

1966 జులై 30న లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచింది. ఆనాటి ఫొటోల్లో జనం చేతుల్లో ఎక్కువగా ఉన్నవి యూనియన్ జాక్‌లు. ఆ టోర్నీ సింహం బొమ్మ విల్లీ చొక్కా మీదా యూనియన్ జాకే. బ్రిటన్, ఇంగ్లండ్ వేరు అన్న ఆలోచన అప్పటి ఇంగ్లిష్ జనానికి పెద్దగా అవసరం పడలేదు.

మలుపు 1996 యూరో కప్. ఆతిథ్యం ఇంగ్లండ్‌ది, అదే గ్రూపులో స్కాట్లండ్. జూన్ 15న వెంబ్లీలో రెండూ తలపడ్డాయి, ఇంగ్లండ్ 2–0తో గెలిచింది. ఎదుటి జట్టు నీలం కూడా కలిసి ఉన్న జెండాను ఆ రోజు ఊపడం ఎలా కుదురుతుంది? స్టాండ్లు ఎర్ర శిలువలతో నిండాయి. మరుసటి ఏడాదే స్కాట్లండ్, వేల్స్‌లలో ప్రజాభిప్రాయ సేకరణలు జరిగాయి, 1999లో ఆ రెండింటికీ సొంత చట్టసభలు వచ్చాయి. ఇంగ్లండ్‌కు రాలేదు. ‘మరి మనమెవరం?’ అన్న ప్రశ్నకు చట్టసభ లేని చోట ఫుట్‌బాల్ జట్టు జవాబైంది. ఇప్పటి ఎర్ర శిలువను అర్థం చేసుకోవాలంటే క్రూసేడ్ల కంటే ఈ మూడు నాలుగేళ్లే ముఖ్యమని మా అభిప్రాయం.

అపోహ: సెయింట్ జార్జ్ ఇంగ్లిష్ వీరుడు.

ఆయన ఇంగ్లండ్‌లో అడుగే పెట్టలేదు. సంప్రదాయ కథనం ప్రకారం ఇప్పటి టర్కీలోని కపడోకియా ప్రాంతపువాడు, రోమన్ సైనికుడు. జార్జియాకు, కాటలోనియాకు కూడా ఆయనే రక్షకుడు. కేరళ క్రైస్తవులకూ ఇష్టదైవమే; ఎడతువా చర్చి ఆయన పేరున ఉన్నదే. మనకూ ఆయన పేరు కొత్తది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమల పాలన సాగింది మద్రాసు సెయింట్ జార్జ్ కోట నుంచే. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఎగరేసిన ఎరుపు తెలుపు చారల జెండా మూలన కూడా ఇదే శిలువ ఉండేది.

అపోహ: ఇటలీలోని జెనోవా నగరానికి కప్పం కట్టి ఇంగ్లండ్ ఈ జెండా తెచ్చుకుంది.

జెనోవా జెండా అచ్చం ఇలాగే ఉంటుంది, అది నిజం. 2018లో ఆ ఊరి మేయర్ పాత బాకీ తీర్చమని బ్రిటన్ రాణికి ఉత్తరం కూడా రాశారు. కప్పం కట్టినట్టు ఆ కాలపు పత్రం మాత్రం లేదు.

అపోహ: కిటికీకి ఎర్ర శిలువ కట్టారంటే ఆ ఇంట్లో జాత్యహంకారులున్నట్టే.

భయం ఊరికే పుట్టలేదు. 1970లలో తీవ్ర జాతీయవాదుల ఊరేగింపుల్లో యూనియన్ జాక్, 2009 తర్వాత ముస్లిం వ్యతిరేక ఊరేగింపుల్లో ఎర్ర శిలువ ఎగిరాయి. 2025 వేసవిలో బర్మింగ్‌హామ్‌తో మొదలై చాలా ఊళ్లలో వీధి దీపాల స్తంభాలకు జెండాలు కట్టారు, చిన్న రౌండబౌట్లకు శిలువ రంగు పూశారు. అదే సమయంలో శరణార్థులను ఉంచిన హోటళ్ల ముందు నిరసనలూ జరిగాయి. వాటిని చూసి గోధుమరంగు చర్మం ఉన్నవాళ్ల గుండె గుభేలుమంటే తప్పు వాళ్లది కాదు.

అయినా అదే జెండా కింద ఆడినవాళ్లనూ చూడాలి. 1978లో వివ్ ఆండర్సన్ ఇంగ్లండ్ సీనియర్ పురుషుల జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి ఫుట్‌బాలర్. మద్రాసులో పుట్టిన నాసర్ హుసేన్ 1999 నుంచి 2003 దాకా టెస్ట్ కెప్టెన్. 2021 యూరో ఫైనల్లో పెనాల్టీలు పోగొట్టిన ఇంగ్లండ్ నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, సాకాలను ఆ రాత్రే నెట్‌లో జాతిపేరుతో నానా మాటలన్నారు. మాంచెస్టర్ విథింగ్టన్‌లో రాష్‌ఫర్డ్ బొమ్మ ఉన్న గోడను పాడుచేశారు. తెల్లారేసరికి జనం వచ్చి ఆ రాతలు కప్పేలా కాగితం గుండెలు, పిల్లల ఉత్తరాలు అతికించారు. వాటి మధ్య చిన్న చిన్న ఎర్ర శిలువ జెండాలు. మ్యాచ్‌ల నెలలో కిటికీకున్న జెండా చూసి ఇంటివాళ్ల మీద తీర్పు చెప్పకండి.

అపోహ: పదేళ్లలో ఇంగ్లిష్ గుర్తింపు కుప్పకూలిందని జనగణనే చెప్పింది.

అంకెలు నిజమే, చదివే తీరే తప్పు. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో ‘ఇంగ్లిష్ మాత్రమే’ అన్నవాళ్లు 2011లో 57.7 శాతం, 2021లో 14.9 శాతం. ‘బ్రిటిష్ మాత్రమే’ అన్నవాళ్లు 19.1 నుంచి 54.8కి పెరిగారు. ఇంతమంది మనసు ఒక్కసారిగా మారిందా? ఫారం చూడండి. ఇంగ్లండ్‌లో 2011 ఫారంలో మొదటి గడి ‘ఇంగ్లిష్’, 2021లో మొదటి గడి ‘బ్రిటిష్’. మార్పులో కొంత దీనివల్లే అయి ఉండొచ్చని గణాంక కార్యాలయమే చెప్పింది. చాలామందికి రెండూ తమవే, ముందు కనిపించినదానికి టిక్కు పెడతారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ‘పతనం’ అని శీర్షిక వేసే వ్యాసాన్ని నమ్మకండి.

అపోహ: తెల్ల బట్ట మీద రెండు ఎర్ర పట్టీలు కుడితే చాలు.

జెండా ఎత్తు, పొడవు 3:5. శిలువ వెడల్పు ఎత్తులో అయిదో వంతు. 90 × 150 సెంటీమీటర్ల జెండాకు పట్టీ 18 సెంటీమీటర్లు, నాలుగు తెల్ల ముక్కలు ఒక్కోటి 66 × 36. కుట్టుకు పోయే బట్ట వీటికి అదనం. ముందు తెలుపు–ఎరుపు–తెలుపు కలిపి పై వరస, అలాగే కింది వరస కుట్టి, రెంటి మధ్య 150 పొడవున్న ఒకే ఎర్ర పట్టీ వేస్తారు. అప్పుడు అడ్డపట్టీలో అతుకు ఉండదు, గాలి లాగుడుకు అది నిలుస్తుంది.

ముందుగా చిరిగేది కర్రకు దూరంగా ఎగిరే అంచు. అక్కడ మడిచి కనీసం రెండు వరసల కుట్టు, మూలల్లో అదనపు కుట్టు ఉండాలి. ఎరుపు రంగు తెలుపులోకి దిగడం మరో బెడద. కొనేముందు తడి తెల్లగుడ్డతో ఎరుపును గట్టిగా రుద్దండి, గుడ్డకు రంగంటితే వదిలేయండి. మంచి జెండానైనా వానలో తడిసినప్పుడు మడిచి పెట్టొద్దు.

అపోహ: జెండా మీద రాస్తే, ఎక్కడ పడితే అక్కడ కడితే జైలే.

మన త్రివర్ణ పతాకం మీద అక్షరం రాయడం 1971 చట్టం ప్రకారం నేరం. ఇంగ్లండ్‌లో అలాంటి చట్టం లేదు. అభిమానులు శిలువ అడ్డపట్టీ మీద ఊరి పేరో, క్లబ్బు పేరో రాయడం ఎప్పటినుంచో ఉంది. 2024లో జట్టు చొక్కా కాలర్ వెనక శిలువకు నైకీ ఊదా, నీలం రంగులు వేస్తే పెద్ద గొడవైంది గానీ, ఏ చట్టమూ అడ్డురాలేదు. సొంత ఇంటి మీద దేశపు జెండా ఎగరేయడానికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. జెండా భద్రంగా ఉండాలి, స్థలం యజమాని ఒప్పుకోవాలి, ట్రాఫిక్ బోర్డులకు అడ్డు రాకూడదు. అద్దె ఇల్లయితే ముందు యజమానిని అడగండి. వీధి దీపాల స్తంభాలు రోడ్ల సంస్థవి కాబట్టి వాటికి కట్టాలంటే ఆ సంస్థ అనుమతి కావాలి.

చిరిగిన జెండాను చెత్తబుట్టలో వేయకుండా, జెండాలా కనిపించని పేలికలుగా కత్తిరించి పారేయమని అక్కడి మర్యాద. కుట్ల వెంబడే విప్పితే నాలుగు తెల్ల ముక్కలు, మూడు ఎర్ర పట్టీలు మిగులుతాయి.