బ్రోకర్ దగ్గర కిరాయి ఎందుకు ఆగుతుంది: అమెరికా ట్రక్కింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అమెరికాలో సొంత అథారిటీ (సరుకు రవాణాకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మీద ఒకటి రెండు ట్రక్కులు నడుపుకొనే క్యారియర్లకు, అంటే రవాణాదారులకు, బిల్లింగ్ చూడటం నా వృత్తి. సరుకు దింపిన తరువాత కాగితాలు సేకరించి, ఇన్‌వాయిస్ పంపి, డబ్బు ఖాతాలో పడేవరకు, లోడ్లు ఇప్పించే మధ్యవర్తులైన బ్రోకర్ల అకౌంట్స్ విభాగాల వెంట పడటమే అందులో ప్రధాన భాగం. డీజిల్, టోల్, బీమా, ట్రక్కు వాయిదా ముందే కట్టవలసి ఉండగా కిరాయి మాత్రం నెల దాటిన తరువాత వచ్చే వ్యాపారం ఇది. ఆ మధ్య కాలం గురించి క్యారియర్లలో స్థిరపడిపోయిన కొన్ని నమ్మకాలు వారికే నష్టం తెస్తున్నాయి.

అపోహ: లోడ్ దింపిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టుకుంటే చాలు.

వాస్తవం: ఒప్పందంలో నెట్ 30 (30 రోజుల్లో చెల్లింపు) అని ఉన్నా, ఆ లెక్క ఎక్కువగా సరైన ఇన్‌వాయిస్, సంతకం చేసిన బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం) బ్రోకర్‌కు అందిన రోజు నుంచే మొదలవుతుంది. ఇక్కడ ‘సరైన’ అన్న మాటే కీలకం. డ్రైవర్ క్యాబిన్‌లో కూర్చుని ఫోన్‌తో తీసిన ఫొటోలో స్టీరింగ్ నీడ సరిగ్గా సంతకం మీద పడుతుంది. రేట్ కన్ఫర్మేషన్‌లో (కిరాయి ఖరారు చేస్తూ బ్రోకర్ పంపే పత్రంలో) ఒక లోడ్ నంబరు ఉంటే ఇన్‌వాయిస్ మీద షిప్పర్ (సరుకు పంపేవాడు) పర్చేజ్ ఆర్డర్ నంబరు వేసి పంపుతారు. గోదాములో సరుకు దింపిన కూలీలకు కట్టిన లంపర్ రశీదు జత చేయడం మరచిపోతారు. కాగితం మూలన రెండు పెట్టెలు తక్కువ వచ్చాయని గోదాము గుమాస్తా రాసిన రాత ఎవరి కంటా పడదు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఇన్‌వాయిస్ పక్కన పడుతుంది, అది పక్కన పడిందన్న కబురు మాత్రం రాదు. చెల్లింపు రాలేదని 31వ రోజున ఫోన్ చేసినప్పుడు, పత్రాలు అసంపూర్ణంగా ఉన్నాయి, మళ్లీ పంపండి అన్న జవాబు వస్తుంది, మళ్లీ పంపిన రోజు నుంచి కొత్తగా 30 రోజులు మొదలవుతాయి. అందుకే ఇన్‌వాయిస్ పంపిన రెండు మూడు రోజులకే ఫోన్ చేసి, అది అందిందా అని కాకుండా, ఆమోదం పొందిందా, చెల్లింపు తేదీ ఖరారైందా అని అడగాలి. నా అనుభవంలో ఆలస్యాలు దురుద్దేశం వల్ల కంటే ఇలాంటి చిల్లర లోపాల వల్లే ఎక్కువగా జరుగుతాయి.

అపోహ: 15 రోజుల్లో చెల్లించాలని ఫెడరల్ నిబంధన ఉంది కదా.

వాస్తవం: ఉన్నది ఉంది, కానీ అది బ్రోకర్‌కు వర్తించదు. ఫెడరల్ నిబంధనల సంపుటి 49 సీఎఫ్‌ఆర్ 376.12 ప్రకారం, ఒక క్యారియర్ కింద లీజు మీద సొంత ట్రక్కు నడిపే ఓనర్ ఆపరేటర్‌కు, అతడు ట్రిప్ పత్రాలు అప్పగించిన 15 రోజుల్లోగా ఆ క్యారియరే చెల్లించాలి. సొంత అథారిటీతో బ్రోకర్ దగ్గర లోడ్ తీసుకున్నవారికి మాత్రం గడువును నిర్ణయించేది సంతకం చేసిన ఒప్పందమే. షిప్పర్ తనకు ఇచ్చిన తరువాతే మీకిస్తానని అందులో రాసి ఉంటే, దానిని లోడ్ ఎత్తకముందు చదవడం మేలు.

అపోహ: బ్రోకర్‌కు 75,000 డాలర్ల బాండ్ ఉంది, మన డబ్బు ఎక్కడికీ పోదు.

వాస్తవం: బ్రోకర్ చెల్లించకపోతే ఆదుకునే ఈ పూచీ 2013 అక్టోబరు 1 వరకు 10,000 డాలర్లే, మ్యాప్-21 అనే ఫెడరల్ రవాణా చట్టంతో అది 75,000 అయింది. అయితే అది ఒక్కో లోడ్‌కు కాదు, ఒక్కో క్యారియర్‌కూ కాదు. ఆ బ్రోకర్ బాకీ పడిన వారందరికీ కలిపి ఉన్న మొత్తం. కుప్పకూలిన బ్రోకర్ మీద 3,00,000 డాలర్ల క్లెయిములు వస్తే, దామాషాలో పంచినప్పుడు డాలరుకు 25 సెంట్లు మిగులుతాయి, అంటే 2,400 డాలర్ల కిరాయికి 600 చేతికందుతాయి. పైగా బాండ్ ఇచ్చిన ష్యూరిటీ కంపెనీ వెంటనే చెక్కు రాయదు. ముందు బ్రోకర్ వాదన వింటుంది, కిరాయి మీద వివాదం ఉందని అతడంటే రుజువులు అడుగుతుంది. బాండ్‌ను చివరి ఆసరాగా చూడవచ్చు తప్ప, నెలవారీ నగదు ప్రణాళికలో దానికి చోటివ్వకూడదు.

బాండ్ వల్ల ఇంకొక ఉపయోగం ఉంది, దానిని పట్టించుకునేవారు తక్కువ. ష్యూరిటీ కంపెనీ బాండ్‌ను రద్దు చేయాలంటే, ట్రక్కింగ్‌ను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు సంస్థ లైసెన్సింగ్ రికార్డులలో కనిపిస్తుంది. రద్దు తేదీ పడిన బ్రోకర్ మార్కెట్ కంటే మంచి రేటు ఇస్తున్నాడంటే, ఆ లోడ్‌ను నేనైతే వదిలేయమనే చెబుతాను.

అపోహ: పెద్ద కంపెనీ అయితే భయం లేదు.

వాస్తవం: సియాటిల్‌కు చెందిన డిజిటల్ బ్రోకర్ కాన్వాయ్ విలువను 2022లో 3.8 బిలియన్ డాలర్లుగా లెక్కగట్టారు; 2023 అక్టోబరులో అది మూతపడింది.

అపోహ: షిప్పర్ ఎప్పుడో ఇచ్చేశాడు, బ్రోకర్ కావాలనే మన డబ్బు తిప్పుకుంటున్నాడు.

వాస్తవం: అలా చేసేవారు లేకపోలేదు. కానీ షిప్పర్ దగ్గర 45, 60 రోజులకు గానీ డబ్బు రాని బ్రోకర్ క్యారియర్‌కు 30 రోజులకు చెల్లిస్తున్నప్పుడు, ఆ మధ్య రోజులను అప్పుతోనో సొంత పెట్టుబడితోనో పూడ్చుకోవాలి. కొత్త ఖాతాలు ఎక్కువగా తెచ్చుకుని వేగంగా పెరిగే బ్రోకర్‌కే నగదు కటకట ఎక్కువ, ఎందుకంటే అతడికి రాబడి కంటే చెల్లింపులే ముందు వస్తాయి. చెల్లింపుకు సగటున ఎన్ని రోజులు పడుతోందో లోడ్ బోర్డులు (లోడ్లను ప్రకటించే వెబ్‌సైట్లు) చూపిస్తాయి. అంకె ఎంత ఉందన్నదానికంటే, గత నెలతో పోలిస్తే ఎటు కదులుతోందన్నది చూడాలి. 28 రోజుల బ్రోకర్ 41కి జారితే అది హెచ్చరిక, మొదటి నుంచీ 40లో నిలకడగా ఉన్నవాడితో పేచీ లేదు.

అపోహ: క్విక్ పే (కొంత మినహాయించుకుని బ్రోకర్ ముందే చెల్లించే పద్ధతి) కోసం పోయేది 3 శాతమే.

వాస్తవం: 2,000 డాలర్ల కిరాయిలో 60 పోగొట్టుకుని, 30వ రోజున రావలసిన ఆ 2,000కు బదులు 1,940 డాలర్లను రెండో రోజునే తీసుకున్నారంటే, 28 రోజులకు 60 డాలర్ల వడ్డీ కట్టినట్లే. సాలీనా లెక్కిస్తే అది 40 శాతం చేరుతుంది. టైరు పేలినప్పుడు ఒకసారి వాడుకోవడం వేరు, ప్రతి లోడ్‌కూ అలవాటుగా వాడటం వేరు.

అపోహ: ఇన్‌వాయిస్‌ను ఫ్యాక్టర్ అనే సంస్థకు అమ్మి ముందే డబ్బు తీసుకోవడం ఫ్యాక్టరింగ్; నాన్ రికోర్స్ (తిరిగి అడగని) రకం తీసుకున్నాక బ్రోకర్ ఎగ్గొట్టినా నష్టం ఫ్యాక్టర్‌దే.

వాస్తవం: చాలా ఒప్పందాలలో ఆ రక్షణ బ్రోకర్ దివాలా తీసినప్పటికే పరిమితం. సరుకు దెబ్బతిందనో, ఆలస్యంగా చేరిందనో, కాగితం సరిగా లేదనో బ్రోకర్ డబ్బు ఆపితే, ఫ్యాక్టర్ ఆ మొత్తాన్ని మీ తదుపరి లోడ్ల నుంచి మినహాయించుకుంటాడు. ఇంతకంటే తరచుగా ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. ఫ్యాక్టర్ నుంచి అసైన్‌మెంట్ నోటీసు (డబ్బు ఇకపై తనకే పంపాలన్న నోటీసు) అందుకున్న బ్రోకర్, ఆ తరువాత డబ్బును నేరుగా క్యారియర్‌కు పంపితే, యూనిఫాం కమర్షియల్ కోడ్ 9-406 ప్రకారం బాకీ తీరినట్లు కాదు, ఫ్యాక్టర్‌కు రెండోసారి చెల్లించవలసి రావచ్చు. అందువల్ల మీరు ఫ్యాక్టర్‌ను మార్చినప్పుడు, పాత ఫ్యాక్టర్ ఇచ్చే విడుదల లేఖ చేరేవరకు బ్రోకర్ అకౌంట్స్‌వాళ్లు చెల్లింపులన్నీ నిలిపివేస్తారు. వారిని తిట్టి ప్రయోజనం లేదు. ఆ లేఖను మారిన రోజే సంపాదించాలి.

అపోహ: లోడ్ ఇచ్చినవాడే బ్రోకర్.

వాస్తవం: డబుల్ బ్రోకరింగ్‌లో అసలు బ్రోకర్ దగ్గర క్యారియర్‌నని చెప్పి లోడ్ తీసుకున్నవాడు దానిని మీకు అంటగడతాడు, డబ్బు తీసుకుని మాయమవుతాడు. అథారిటీ లేని ఇటువంటి బ్రోకరేజీకి ఫెడరల్ చట్టం 49 యూఎస్‌సీ 14916 కింద ఒక్కో ఉల్లంఘనకు జరిమానా ఉన్నా, మాయమైనవాడిని పట్టుకోవడం వేరే సంగతి. రేట్ కన్ఫర్మేషన్ వచ్చిన ఈమెయిల్ డొమైన్‌లో ఒక అక్షరం తేడా ఉందేమో చూసి, ఎఫ్‌ఎంసీఎస్‌ఏ రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి సరిచూసుకోవాలి. పంపినవాడు ఇచ్చిన నంబరుకు చేస్తే ఫలితం ఉండదు. లోడ్ ఎత్తేచోట బిల్ ఆఫ్ లేడింగ్ మీద వేరే క్యారియర్ పేరు కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి.

అపోహ: బ్రోకర్ ఇవ్వకపోతే షిప్పర్ దగ్గర వసూలు చేసుకుందాం, తొందరేముంది.

వాస్తవం: బ్రోకర్‌కు ఇప్పటికే చెల్లించిన షిప్పర్ రెండోసారి ఇవ్వాలా వద్దా అన్నది బిల్ ఆఫ్ లేడింగ్‌లోని షరతుల మీద, మీరు సంతకం చేసిన ఒప్పందం మీద ఆధారపడుతుంది, కోర్టుల తీర్పులూ ఒకే తీరుగా లేవు. కిరాయి కోసం బ్రోకర్‌ను తప్ప మరెవరినీ అడగనని రాసి ఇచ్చినవారికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే. ఎఫ్‌ఎంసీఎస్‌ఏ ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది కానీ బాకీ వసూలు చేసి పెట్టదు. రవాణా చార్జీల కోసం క్యారియర్ వేసే దావాకు 49 యూఎస్‌సీ 14705లో 18 నెలల గడువు ఉంది. కాబట్టి గడువు దాటిన వారంలోనే లిఖితపూర్వక డిమాండ్ పంపి, రేట్ కన్ఫర్మేషన్, సంతకమైన డెలివరీ పత్రం, ఈమెయిళ్లు జతచేసి ష్యూరిటీ కంపెనీ వద్ద క్లెయిము వేయడం మంచిది.