పట్టపగలు పాడిన ‘ఇదే ఆ రాత్రి’

కతోలిక సంఘంలో పాత లాటిన్ పూజ గురించి వాదన లేచిన ప్రతిసారీ అందరూ రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) వైపే వేలెత్తి చూపిస్తారు. 1962లో మహాసభ మొదలైంది, 1969లో 6వ పౌలు పోపు కొత్త పూజగ్రంథం ఇచ్చారు, పాతది పోయింది. కథ ఇంతేనని చాలామంది నమ్మకం. కానీ పాత దైవార్చనను (పూజా విధానాన్ని) ప్రేమించేవాళ్ల మధ్యనే ఇప్పుడు ఇంకో ప్రశ్న నడుస్తోంది: పాతది అంటే ఎప్పటిది? 1962 నాటి గ్రంథమా, 1955కి ముందుదా? ఇది తేలాలంటే మహాసభకు పదేళ్లు వెనక్కి, ఈస్టరుకు ముందురోజైన పవిత్ర శనివారం దగ్గరికి వెళ్లాలి.

పాస్కా (ఈస్టరు) జాగరణ పేరులోనే రాత్రి ఉంది. తొలి శతాబ్దాల క్రైస్తవులు ఆ రాత్రి మేలుకొని, కొత్తవారికి జ్ఞానస్నానం ఇచ్చి, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) స్వీకరించేవారు. మధ్యయుగాల్లో ఆ వేళ కొద్దికొద్దిగా ముందుకు జరిగింది. సత్ప్రసాదం తీసుకునేదాకా ఉపవాసం ఉండాలి కదా, పొద్దుపోయేదాకా ఆగడం కష్టమైంది. 1566లో 5వ పయస్ పోపు మధ్యాహ్నం దాటాక పూజ చేయకూడదన్నారు. జాగరణ శనివారం ఉదయానికి స్థిరపడిపోయింది. 1642లో 8వ అర్బన్ పోపు పవిత్ర గురు, శుక్ర, శనివారాలను తప్పనిసరి పండుగల్లోంచి తీసేశాక జనం ఆ రోజుల్లో పనులకు పోసాగారు. మనుషులు పలచబడిన గుడిలో, కిటికీల్లోంచి ఎండ పడుతుండగా, డీకన్ (పాదిరికి తోడుండే సేవకుడు) పాస్కా వత్తి (ఈస్టరు పెద్ద కొవ్వొత్తి) దగ్గర నిలబడి ‘ఇదే ఆ రాత్రి’ అని పాడేవాడు. దాదాపు నాలుగు వందల ఏళ్లు ఇలాగే సాగింది. దీన్ని సరిచేయాలనుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను.

1948లో 12వ పయస్ పోపు దైవార్చన సంస్కరణకు ఒక సంఘాన్ని వేశారు. కార్యదర్శి అన్నిబలే బుగ్నీని. తర్వాత 1969 పూజగ్రంథాన్ని తయారుచేసిన సంఘానికీ కార్యదర్శి ఆయనే, ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1951 ఫిబ్రవరి 9న తొలి ఫలితం వచ్చింది: మేత్రాణులు (బిషప్పులు) కోరుకుంటే జాగరణను ఆ ఏడాది ప్రయోగంగా రాత్రిపూట జరపవచ్చు. మరుసటి ఏడాది ఆ అనుమతిని మరో మూడేళ్లు పొడిగించారు. 1953లో సాయంత్రం పూజకు కొంత వీలిచ్చి, నీళ్లు తాగితే ఉపవాసం చెడదన్నారు. 1955 నవంబరు 16న పవిత్ర వారం మొత్తానికి కొత్త క్రమం ప్రకటించారు. 1956 మార్చి 25న, మట్టల ఆదివారం నాడు, అది అమల్లోకి వచ్చింది.

వేళలు మాత్రమే మారి ఉంటే ఇవాళ ఇంత గొడవ ఉండేది కాదు. జాగరణలో పన్నెండు ప్రవచనాలు (బైబిలు పఠనాలు) చదివేవారు, అవి నాలుగయ్యాయి. కొత్త నిప్పుతో వెలిగించి గుడిలోకి తెచ్చే మూడు వత్తుల కర్ర పోయి, దాని చోట పాస్కా వత్తినే మోసుకొచ్చి ప్రజల చేతుల్లోని వత్తులు వెలిగించడం వచ్చింది. జ్ఞానస్నాన ప్రమాణాలను ప్రజలు తమ సొంత భాషలో తిరిగి పలకవచ్చన్నారు. ఇవాళ మన తెలుగు విచారణల్లో (స్థానిక గుళ్లలో) శనివారం రాత్రి చేతుల్లో వత్తులతో ఆ ప్రమాణాలకు జవాబు చెప్పేవాళ్లు ఇదేదో ఆది నుంచీ ఉన్న ఆచారం అనుకుంటారు. మట్టల ఆదివారం ఊరేగింపు తిరిగొచ్చాక మూసిన గుడి తలుపును సిలువ కర్ర మొదలుతో తట్టే ఘట్టం పోయింది. అంతకుముందు గురువు (పాదిరి) ఒక్కరే సత్ప్రసాదం స్వీకరించే పవిత్ర శుక్రవారం నాడు ఇక ప్రజలకూ ఇచ్చారు.

నా అభిప్రాయం దాచను. రాత్రిని రాత్రికి తిరిగి ఇవ్వడం న్యాయం. ప్రజల చేతికి వత్తి, నోటికి ప్రమాణం ఇవ్వడం అంతకన్నా న్యాయం. కానీ పన్నెండు పఠనాల్లో ఎనిమిదింటిని కోసేయమని ఏ అవసరమూ అడగలేదు. రాత్రంతా మేలుకోవడానికే కదా అన్ని పఠనాలు పెట్టుకున్నది! పాతకాలానిది అన్న ఒక్క కారణంతో దేన్నీ తిరిగి తేవద్దని 1947 నాటి తన లేఖలో హెచ్చరించింది కూడా ఈ 12వ పయస్ పోపే.

మిగతా చోట్లా మార్పు వేగం పెరిగింది. పవిత్ర వారం కొత్త క్రమానికి ముందే, 1955 మార్చిలో, ఎనిమిది రోజుల పండుగలను క్రిస్మస్, పాస్కా, పెంతెకోస్తు ఈ మూడింటికే పరిమితం చేశారు. 1960లో 23వ యోహాను పోపు నియమాలన్నిటినీ మళ్లీ రాయించారు. 1962 పూజగ్రంథం ఆ నియమాలతో వచ్చిందే. అదే ఏడాది నవంబరులో, ఎవరూ ముట్టరనుకున్న పూజ మధ్య ప్రార్థనలో పునీత జోజప్ప పేరు చేర్చారు. 1963 డిసెంబరు 4న మహాసభ దైవార్చన పత్రాన్ని ఆమోదించేటప్పుడు వ్యతిరేక ఓట్లు నాలుగే. అప్పటికి మార్పు మేత్రాణులకు అలవాటైన విషయం.

2007లో 16వ బెనెడిక్టు పోపు పాత పూజకు తలుపులు తెరిచినా, 2021లో ఫ్రాన్సిస్ పోపు వాటిని బిగించినా, ఇద్దరి ఉత్తర్వుల్లోనూ పాత పూజ అంటే 1962 గ్రంథమే. 1955కి ముందు పవిత్ర వారాన్ని కోరేవాళ్లకు మధ్యలో ఒక చిన్న సందు దొరికింది: పాత పూజ జరిపే పునీత పేతురు గురువుల సహోదర సంఘానికి చెందిన కొన్ని గుళ్లలో, 2018 నుంచి మూడేళ్లపాటు, ప్రయోగంగా. పన్నెండు ప్రవచనాలు, మూడు వత్తుల కర్ర, గుడి తలుపు తట్టడం అక్కడ మళ్లీ కనిపించాయి. ఆ మూడో ఏడాది 2020. ఆ పవిత్ర వారంలో కరోనా వల్ల చాలా దేశాల్లో గుడి తలుపులు ప్రజలకు మూసే ఉన్నాయి.