పెగ్గు కొలిచే చేయి: బార్ కౌంటర్ వెనక ఆడవాళ్ల కథ

పంజాబ్ ఎక్సైజ్ చట్టం 1914 నాటిది. అందులో 30వ సెక్షన్ చూడ్డానికి చిన్నదే. జనం కూర్చుని మద్యం తాగే చోట 25 ఏళ్లు నిండని మగవాణ్ణి పనిలో పెట్టుకోకూడదు. ఆడమనిషినైతే అసలే పెట్టుకోకూడదు. పాతిక దాటితే మగవాడికి బుద్ధి కుదురుతుందని చట్టం నమ్మింది. ఆడవాళ్ల విషయంలో మాత్రం ఎన్నేళ్లొచ్చినా ఆ నమ్మకం దానికి కలగలేదు. ఇదే చట్టం ఢిల్లీలోనూ అమలైంది. స్వతంత్రం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఫైవ్ స్టార్ హోటళ్లు వెలిశాయి. ఆ సెక్షన్ మాత్రం 2006 దాకా ఎక్కడిదక్కడే ఉంది.

హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే పాఠం చదువుతారు. ఏ వైన్ ఏ గ్లాసులో పోయాలి, జిన్‌లో ఏది కలిస్తే ఏమవుతుంది అన్నవి ఇద్దరికీ పరీక్షలో వస్తాయి. ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి ఢిల్లీలో అమ్మాయికి రిసెప్షన్, హౌస్‌కీపింగ్ మిగిలేవి. బార్‌వైపు వెళ్లాలని ఉన్నా చట్టం గుమ్మంలోనే ఆపేసేది.

ఈ నిషేధాల పుట్టుక గురించి చెప్పుకునేటప్పుడు ‘మన సంస్కృతి’ అనేస్తుంటారు. కాస్త వెనక్కి వెళ్తే అక్కడ కనిపించేది మన సంస్కృతి కాదు, తెల్లదొరల పరువు. 1900ల తొలి ఏళ్లలో కలకత్తా, రంగూన్ బార్లలో ఐరోపా యువతులు పనిచేసేవారు. తెల్ల స్త్రీ నల్లవాడికి గ్లాసు అందించడమేమిటని పాలకులకు చిరాకు పుట్టింది. వైస్రాయ్ కర్జన్ ఆ బార్‌మెయిడ్‌ల ఉద్యోగాలకే ఎసరు పెట్టాడు. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీలు బియ్యం బస్తాలు మోసిన ఆ రంగూన్‌లోనే ఇదంతా జరిగింది. తర్వాత 1909లో బెంగాల్ ఎక్సైజ్ చట్టం, 1914లో పంజాబ్ చట్టం వచ్చాయి. రెండింట్లోనూ ఆడవాళ్ల మీద నిషేధం కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే లండన్‌లో కథ ఇంకోలా నడుస్తోంది. పబ్బుల్లో వేలమంది స్త్రీలు పనిచేసే దేశం అది. 1908లో వచ్చిన లైసెన్సింగ్ బిల్లులో బార్‌మెయిడ్‌లను తీసేయడానికి వీలు కల్పించే ఏర్పాటు ఒకటి ఉంది. మద్యపాన వ్యతిరేకులు, సంస్కర్తలు దానికి మద్దతు పలికారు. ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఈవా గోర్-బూత్ మాత్రం ఇది కూలికి వెళ్లే ఆడవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని ఎదురు తిరిగింది. మాంచెస్టర్ ఉప ఎన్నికలో ఆ బిల్లు తెచ్చిన ప్రభుత్వం తరఫున విన్‌స్టన్ చర్చిల్ పోటీ చేస్తుంటే, ఆమె, ఆమె అక్క కాన్‌స్టన్స్ మార్కివిచ్ నాలుగు తెల్లగుర్రాల బండి కట్టుకుని ఊరంతా తిరిగి ఆయనకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. చర్చిల్ ఓడిపోయాడు. అందుకు కారణాలు చాలానే ఉన్నాయి గానీ, బార్‌మెయిడ్‌ల కోసం ఎన్నికల ప్రచారం నడిచిందన్నది మాత్రం నిజం. ఆ బిల్లు కూడా చివరికి ప్రభువుల సభలో వీగిపోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే లండన్ సవోయ్ హోటల్‌లోని అమెరికన్ బార్‌లో హెడ్ బార్‌టెండర్ ఒక స్త్రీ. పేరు ఎడా కోల్‌మన్. 1903లో అక్కడ చేరి ఇరవై ఏళ్లకు పైగా ఆ కౌంటర్ నడిపింది. చార్లెస్ హాట్రీ అనే నటుడు అలసిపోయి వచ్చి, కాస్త ఘాటైనదేదైనా ఇమ్మన్నాడట. జిన్నూ, వెర్మూత్ అనే మూలికల వైన్‌లో తీపి రకమూ సమానంగా తీసుకుని, ఫెర్నెట్-బ్రాంకా అనే చేదు మందు రెండు చుక్కలు వేసి ఆమె కలిపిన కాక్‌టెయిల్ ‘హ్యాంకీ ప్యాంకీ’. ఫెర్నెట్ వాసన మన ఆయుర్వేద కషాయానికి పెద్ద దూరం కాదు. ఒక్క చుక్క ఎక్కువైతే మిగతా రుచులన్నీ మాయమైపోతాయి. ఆ రెండు చుక్కల దగ్గర చేయి ఆపడమే ఈ వృత్తిలో నేర్పు. ఆ కాక్‌టెయిల్ ఈనాటికీ మంచి బార్ల మెనూల్లో ఉంది. ఆమె తర్వాత ఆ కుర్చీలో మరో మహిళ కూర్చోడానికి మాత్రం 2021 దాకా పట్టింది.

అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక బార్‌టెండర్ల యూనియన్లు బలపడ్డాయి. సభ్యులంతా మగవాళ్లే. రెండో ప్రపంచ యుద్ధానికి వాళ్లు వెళ్తే కౌంటర్ల వెనక ఆడవాళ్లు నిలబడ్డారు. యుద్ధం అయిపోయింది, పాతవాళ్లు తిరిగొచ్చారు, కుర్చీలు ఖాళీ చేయమన్నారు. మిషిగన్ రాష్ట్రం 1945లో ఒక చట్టం చేసింది. 50 వేలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో బార్‌టెండర్‌కి లైసెన్సు ఉండాలి. స్త్రీకి ఆ లైసెన్సు ఇవ్వరు, బార్ యజమాని అయిన మగవాడి భార్యకో కూతురికో తప్ప.

డియర్‌బోర్న్‌లో వాలెంటైన్ గోసెర్ట్ అనే ఆమెకు సొంత బార్ ఉంది. యజమాని తానే. అయితే యజమాని ‘మగవాడు’ కాదు కాబట్టి ఆమె తన బార్‌లో తానే గ్లాసు నింపకూడదు, కూతురూ నింపకూడదు. అదే బార్‌లో ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరిగితే ఏ అభ్యంతరమూ లేదు. తాగినవాళ్ల నడుమ తిరగడం క్షేమం, చెక్క కౌంటర్ అవతల నిలబడటం ప్రమాదం! ట్రే పని కన్నా కౌంటర్ పనికి జీతం ఎక్కువన్న సంగతి పక్కన పెడితే ఈ తర్కం ఎవరికీ అంతుపట్టదు. 1948 డిసెంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో ఈ చట్టం సరైనదేనంది. భర్తో తండ్రో యజమానిగా ఉంటే ఆ పర్యవేక్షణ స్త్రీకి కాపలా అని తీర్పు రాసిన ఫ్రాంక్‌ఫర్టర్ భావించాడు. 1971లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తమ రాష్ట్రంలోని ఇలాంటి నిషేధాన్ని కొట్టేసింది. 1976లో మరో కేసు సందర్భంగా అమెరికా సుప్రీంకోర్టు తన పాత తీర్పును ఒక ఫుట్‌నోట్‌లో పక్కకు నెట్టింది.

ఆ ‘భార్యకో కూతురికో తప్ప’ అన్న మినహాయింపు మనకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో కల్లు దుకాణం దగ్గర గౌడ ఇంటి ఆడవాళ్లు కల్లు పోసి ఇవ్వడం, డబ్బు లెక్క చూసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆమెను ఎవరూ వింతగా చూడరు. ఆమె వెనక ఇల్లుంది, కులవృత్తి ఉంది, చెట్టెక్కిన భర్త ఉన్నాడు. అదే పని జూబ్లీహిల్స్ పబ్బులో నెలజీతానికి, తన పేరుతో, రాత్రిపూట ఒక అమ్మాయి చేస్తే ‘మంచి కుటుంబం పిల్లేనా’ అని అడుగుతారు. అందుకే ఈ గొడవ మద్యం గురించి అంటే నాకు నమ్మకం కుదరదు. ఇంటి మగవాడి నీడ లేకుండా రాత్రివేళ సంపాదించే స్త్రీ గురించి ఇదంతా.

తెలుగునాట దీనికి మరో ముడి కూడా ఉంది. మద్యం చరిత్రలో మనకు గుర్తున్న స్త్రీ గ్లాసు నింపే మనిషి కాదు, సారా దుకాణం మూయించిన మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచి నిలబడితే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలిపోయింది. కూలి డబ్బు సారా పాకెట్లకు పోతుంటే చూసిన తల్లులకు, మద్యం పోయడం ఒక వృత్తి అంటే గొంతు దిగకపోవడం సహజం. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ కోపం దుకాణం యజమాని మీద నుంచి జారి, అందులో పనిచేసే ఆడపిల్ల మీద పడటం అన్యాయం.

ఇక బొంబాయికి వద్దాం. అక్కడ పంజాబ్ చట్టం లేదు. 1981లో షాట్భీ బసు బార్‌టెండింగ్‌లోకి వచ్చారు. దేశంలో ఈ వృత్తి చేపట్టిన తొలి మహిళగా ఆమెనే చెప్పుకుంటారు. అప్పటికి మన దగ్గర బార్‌టెండర్ అంటే సీసా మూత తీసి, పెగ్గు కొలిచి, సోడా కలిపి ఇచ్చేవాడు. దీన్ని నేర్పే బడి లేదు, నేర్చుకోవాలనుకునేవాళ్లూ లేరు. ఆమె తర్వాత ముంబైలో ‘స్టిర్’ అనే బార్‌టెండింగ్ అకాడమీ పెట్టి ఎంతోమందిని తయారుచేశారు. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వేర్వేరు రంగాల్లో ‘తొలి మహిళ’లను సత్కరిస్తే ఆ జాబితాలో ఆమె పేరూ ఉంది.

అదే జనవరిలో శ్రీలంకలో ఏం జరిగిందంటే, ఆడవాళ్లు మద్యం కొనకూడదు, మద్యం అమ్మే చోట పనిచేయకూడదు అన్న 1979 నాటి నిబంధనను ఆర్థికమంత్రి తొలగించాడు. నాలుగైదు రోజులు తిరక్కుండానే అధ్యక్షుడు సిరిసేన దాన్ని వెనక్కి తెప్పించాడు.

ఢిల్లీ కథలో ఒక హత్య ఉంది. 1999 ఏప్రిల్ చివర, మెహ్రౌలీలోని ఒక రెస్టారెంట్‌లో పార్టీ. లైసెన్సు లేని బార్ అది. మోడల్‌గా పనిచేసే జెసికా లాల్ ఆ రాత్రి కౌంటర్ వెనక ఉంది. బార్ మూసేశాక మందు అడిగితే లేదంది. కాల్చి చంపారు. 2006 జనవరి 12న ఢిల్లీ హైకోర్టు 30వ సెక్షన్‌లో ఆడవాళ్లకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. ఫిబ్రవరి 21న జెసికా కేసులో నిందితులందరినీ కింది కోర్టు వదిలేసింది. దేశం భగ్గుమంది. డిసెంబర్‌లో హైకోర్టు ప్రధాన నిందితుడు మను శర్మకు శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఇలాంటి వాతావరణంలో 30వ సెక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. చిత్రమేమిటంటే అప్పీలు చేసింది ఢిల్లీ ప్రభుత్వం కాదు, కొందరు పౌరులు. 2007 డిసెంబర్ 6న జస్టిస్ ఎస్.బి. సిన్హా, జస్టిస్ హర్జీత్ సింగ్ బేడీ ఆ అప్పీలు కొట్టేశారు. తీర్పు సారాంశం ఇది: ఆడవాళ్లకు ప్రమాదం ఉందంటే ఆ ప్రమాదాన్ని అదుపు చేయడం ప్రభుత్వం పని. ప్రమాదం పేరు చెప్పి వాళ్లనే ఇంట్లో కూర్చోమనడం రక్షణ అనిపించుకోదు. రాత్రి షిఫ్టుల విషయంలో ఈ ఆలోచన అంతకుముందే మొదలైంది. ఆడవాళ్ల రాత్రిపనిని ఆపిన ఫ్యాక్టరీల చట్టం నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లో కొట్టేస్తే, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టూ అదే దారి పట్టింది.

ఒక తీర్పుతో దేశమంతా మారిపోలేదు. 2005లో మహారాష్ట్ర డాన్స్ బార్లను మూయించింది గానీ, త్రీ స్టార్, ఆపై హోటళ్లకు మినహాయింపు ఇచ్చింది. పేదవాడు చూస్తే అశ్లీలం, ఉన్నవాడు చూస్తే వినోదం అన్నమాట. సుప్రీంకోర్టు 2013లో ఆ నిషేధం చెల్లదంది. ఈలోగా వేలాది మంది నర్తకుల బతుకులు చెల్లాచెదురయ్యాయి. అదే 2013 చివర్లో కేరళ మద్యం నిబంధనలు సవరించి, బార్లలో ఆడవాళ్లు మద్యం అందించకూడదంది. పని పోగొట్టుకున్న ఉద్యోగినులు కోర్టుకెక్కితే 2015లో హైకోర్టు వాళ్లవైపు నిలిచింది. బెంగాల్ తన 1909 చట్టంలోని నిషేధాన్ని తీసేయడానికి 2025 మార్చి దాకా ఆగింది.

కాగితం మీద అడ్డంకులు ఇలా ఒక్కొక్కటే పోయాయి. ఇక పని సంగతి. షిఫ్టు సాయంత్రమే మొదలవుతుంది. నిమ్మకాయలు కోయడం, సిరప్‌లు కాచడం, ఐసు నింపడం, గ్లాసులు తుడవడంతోనే మొదటి గంటలు గడుస్తాయి. కొత్తవాళ్లు బార్ బ్యాక్‌గా ఐసు బకెట్లు, బీరు కేసులు మోస్తూ మొదలుపెట్టి, బార్‌టెండర్, హెడ్ బార్‌టెండర్, బార్ మేనేజర్ దాకా ఎదగాలి. లాస్ట్ ఆర్డర్ ప్రకటించాక ‘ఒక్క పెగ్గు’ అని బతిమాలేవాళ్లతో, దబాయించేవాళ్లతో నవ్వుతూనే లేదనాలి. అందరూ వెళ్లాక సీసా సీసా ఎత్తి చూసి, 30 మిల్లీలీటర్ల లెక్కన ఎంత పోయిందో స్టాకు రిజిస్టర్‌లో రాయాలి. ఎక్సైజ్ వాళ్లు వస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే.

ఆ లెక్క ముగిసేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. రాత్రిపనికి అనుమతిచ్చిన రాష్ట్రాలు సాధారణంగా ఉద్యోగిని అంగీకారం, ఇంటిదాకా వాహనం, భద్రత ఏర్పాట్లు కావాలని షరతులు పెడుతున్నాయి. షరతులు న్యాయమైనవే. కానీ క్యాబ్ ఖర్చు యజమాని జేబులోంచే పోవాలి. మగ బార్‌టెండర్ అయితే బైకు మీద వెళ్లిపోతాడు, ఆ ఖర్చు ఉండదు. ఇంటర్వ్యూలో ఈ లెక్కను ఎవరూ పైకి అనరు. ‘లేట్ నైట్ కదమ్మా, ఇంట్లో ఒప్పుకుంటారా?’ అని మాత్రం అడుగుతారు.