ఫోన్‌లో ఉంది, ట్యాబ్‌లో లేదు

ఫోన్‌లో 386 కాంటాక్టులు ఉన్నాయి, ట్యాబ్‌లో 385. ఆ ఒక్కటీ ఏమైనట్టు? ఫోన్‌లో కొత్తగా ఎక్కించిన పేరు ట్యాబ్‌కు ఇంకా చేరలేదా, లేక పాత పేరునే ట్యాబ్‌లో ఎవరో తీసేశారా? మొదటిదైతే ఆ పేరును ట్యాబ్‌లో చేర్చాలి. రెండోదైతే ఫోన్‌లోంచి కూడా తీసెయ్యాలి. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఏది నిజమో తేలదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ అవి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. సింక్‌లో, అంటే పరికరాలన్నిట్లో ఒకే డేటా ఉండేలా చూడటంలో, ఉన్న చిక్కంతా ఇదే. డేటాను ఇటునుంచి అటు మోయడం తేలిక. ఉండాల్సింది ఎందుకు లేదో తెలుసుకోవడమే కష్టం.

అందుకని సింక్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిని లెక్కపెట్టి ఊరుకోదు, జరిగిన మార్పుల చిట్టా రాసుకుంటుంది. మీరు ఒక పేరును డిలీట్ చేస్తే పేరు పోతుంది కానీ, ‘ఈ ఎంట్రీ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు తీసేశారు’ అనే చిన్న గుర్తు మిగులుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు, సమాధిరాయి అన్నమాట. ట్యాబ్ వచ్చి ‘నేను కిందటిసారి వచ్చి వెళ్లాక ఏం మారింది?’ అని అడిగితే, అసలు జాబితాను ఉంచుకునే దూరపు కంప్యూటర్, అంటే సర్వర్, కొత్త పేర్లతో పాటు ఈ సమాధిరాళ్లనూ పంపుతుంది. కిందటిసారి అంటే ఎప్పుడో గుర్తుండటానికి ప్రతి సింక్ చివరా పరికరానికి ఒక టోకెన్ ఇస్తుంది. చదువుతున్న పుస్తకంలో పెట్టుకునే పేజీ గుర్తులాంటిది అది.

ఈ ఏర్పాటుకు ఒక గడువుంటుంది. సమాధిరాళ్లను ఎల్లకాలం దాచలేరు, కుప్ప పెరిగిపోతుంది. నెలల తరబడి సొరుగులో పడి ఉన్న ట్యాబ్‌ను ఆన్ చేస్తే దాని టోకెన్ చెల్లకపోవచ్చు. గూగుల్ క్యాలెండర్ అయితే అలాంటప్పుడు 410 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది: నీ దగ్గరున్న కాపీ చెరిపేసి మొదటినుంచీ దించుకో అని దాని అర్థం. సరిగా రాసిన యాప్ ఆ మాట వింటుంది. సరిగా రాయని యాప్ తన దగ్గరున్న పాతవాటిని కొత్తవనుకుని తిరిగి పైకి ఎక్కిస్తుంది. ఎప్పుడో తీసేసిన అపాయింట్‌మెంట్లు, పేర్లు లేచి కూర్చోవడం వెనక ఉండే కారణాల్లో ఇదొకటి.

రెండు చోట్లా మార్పులు జరిగితే ఇంకో రకం తంటా. ఒక్క కాంటాక్టునే తీసుకుందాం. ఫోన్‌కు సిగ్నల్ లేదు, ట్యాబ్‌కు వైఫై లేదు. ఫోన్‌లో ఆ మనిషి మొబైల్ నంబరు మార్చారు. ట్యాబ్‌లో అదే మనిషి ఈమెయిల్ చేర్చారు. రెండింటి దగ్గరా ఉన్న ఎంట్రీ 7వ వెర్షన్. ముందు ట్యాబ్ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. సర్వర్‌లో ఉన్నదీ 7 కాబట్టి మార్పు ఒప్పుకుని ఎంట్రీని 8 చేసింది. తర్వాత ఫోన్ వచ్చి ‘7 మీద నా మార్పు ఇది’ అంది. సర్వర్‌లో ఇప్పుడు ఉన్నది 8. కాంటాక్టుల సింక్‌కు వాడే కార్డ్‌డావ్ పద్ధతిలో నడిచే సర్వర్ ఇలాంటి మార్పును తిప్పి పంపుతుంది. అప్పుడు ఫోన్ 8ని దించుకుని, అందులో తన కొత్త నంబరు మాత్రమే కలిపి 9గా పంపాలి. అలా చేస్తే నంబరూ ఈమెయిలూ రెండూ నిలుస్తాయి. కొన్ని యాప్‌లు ఇంత శ్రమ పడవు. చివర వచ్చిన ఎంట్రీని మొత్తంగా పాతదాని మీద రాసేస్తాయి, ట్యాబ్‌లో చేర్చిన ఈమెయిల్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. రెండు చోట్లా మార్చింది నంబరే అయితే ఎంత మంచి యాప్‌కైనా దిక్కు తోచదు: ఒకదాన్ని వదులుకోవాలి, లేదా రెండూ ఉంచి తేల్చుకోమని మనకే వదిలెయ్యాలి.

‘చివరిది’ ఏదో గడియారం చూసి తేల్చొచ్చు కదా అనిపిస్తుంది. ట్యాబ్ గడియారం 10 నిమిషాలు ముందుందనుకోండి. 9:00కి ట్యాబ్‌లో రాసిన నోట్ మీద 9:10 అని ముద్ర పడుతుంది. 9:05కి ఫోన్‌లో చేసిన దిద్దుబాటు నిజానికి తర్వాతిదే అయినా పాతదని లెక్కలోకి వచ్చి ఓడిపోతుంది. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మకుండానే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎంతవరకు చెప్పగలమో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో ఒక పత్రంలో చూపించారు. సంఘటనలకు టైము బదులు వరస సంఖ్యలు ఇవ్వడం అందులోని కిటుకు. పైన చెప్పిన 7, 8, 9 వెర్షన్లకూ ఆ ఆలోచనతో చుట్టరికం ఉంది. మనవైపు నుంచి చెయ్యాల్సింది చిన్న పని: రెండు పరికరాల్లోనూ తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉంచడం. గడియారంలో తేడా రోజులు, నెలల్లో ఉంటే సర్వర్ అసలైనదేనని చూపే భద్రతా సర్టిఫికెట్ కూడా చెల్లనట్టు కనిపించి, సింక్ అసలు మొదలే కాకపోవచ్చు.

ఫైళ్ల విషయంలో సర్వీసులు కాస్త పిరికిగా ఉంటాయి, అదే మంచిది. గొడవొస్తే డ్రాప్‌బాక్స్ రెండో వెర్షన్‌ను ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అనే పేరుతో పక్కన పెడుతుంది. సర్వర్ లేకుండా పరికరాల మధ్యే నేరుగా సింక్ చేసే సింక్‌థింగ్ కూడా ఫైలు పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అని చేర్చి రెండూ ఉంచుతుంది. ఆ మాటలతో ఒకసారి వెతికి చూడండి. కనబడకుండా పోయిందనుకున్న పేరా అక్కడ దొరకొచ్చు.

ఇదంతా డేటా సర్వర్‌కు చేరాక సంగతి. చాలామంది విషయంలో అది బయలుదేరనే బయలుదేరదు. ఆండ్రాయిడ్‌లో కొత్త కాంటాక్టు మూడు చోట్ల ఎక్కడైనా పడొచ్చు: గూగుల్ అకౌంట్‌లో, ఫోన్ మెమరీలో, సిమ్‌లో. జాబితాలో మూడూ కలిసిపోయి కనిపిస్తాయి కానీ సింక్ అయ్యేది మొదటిదొక్కటే. సిమ్‌లోనైతే పేరు, నంబరు తప్ప పెద్దగా ఏమీ పట్టదు. కాబట్టి ఫోన్‌లో ఉన్న పేరు ట్యాబ్‌లో లేదంటే ముందు ఆ కాంటాక్టు తెరిచి, అది ఏ అకౌంట్‌లో ఉందో చూడాలి. గూగుల్ కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో కొత్త కాంటాక్టులకు డిఫాల్ట్ అకౌంట్ ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ మీ గూగుల్ అకౌంట్ పెట్టండి. సిమ్‌లోవి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ఫోన్ మెమరీలోవి అకౌంట్‌కు తరలించవచ్చు. ఈ పని మొదలుపెట్టే ముందే ఎక్స్‌పోర్ట్ నొక్కి, కాంటాక్టులన్నీ ఉండే వీసీఎఫ్ ఫైలు ఒకటి సింక్‌కు సంబంధం లేని చోట దాచుకోవాలి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో కూడా కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అకౌంట్ ఉంటుంది. ఒకదాంట్లో ఐక్లౌడ్, ఇంకోదాంట్లో జీమెయిల్ అని ఉంటే పేర్లు రెండు బుట్టల్లో పడుతూనే ఉంటాయి.

ఆలస్యానికి కారణం వేరు. ఆండ్రాయిడ్ 6.0తో 2015లో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆగిపోయి, కదలకుండా కొంతసేపు పడి ఉన్న పరికరం కునుకు తీస్తుంది. అప్పుడు యాప్‌ల నెట్‌వర్క్ పనులు, సింక్‌లు వాయిదా పడి, మధ్యమధ్య మెలకువ వచ్చినప్పుడు ఒక్క విడతగా జరుగుతాయి. ఫోన్ జేబులో కదులుతూ ఉంటుంది, గంటకు నాలుగుసార్లు తీసి చూస్తాం. ట్యాబ్ అలా కాదు, రోజంతా బల్ల మీదే. అందుకే వెనకబడేది ఎప్పుడూ ట్యాబే అనిపిస్తుంది. వైఫై అందే చోట ఛార్జర్‌కు తగిలించి ఉంచితే డోజ్ అడ్డు తొలగుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లలో లో పవర్ మోడ్ ఆన్ అయి ఉందేమో చూడాలి, అందులో ఐక్లౌడ్ ఫొటోల సింక్ తాత్కాలికంగా ఆగుతుంది.

మిగిలింది చోటు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి. ఐక్లౌడ్ ఇచ్చేది 5 జీబీ. నిమిషానికి 170 ఎంబీ చొప్పున పెరిగే 4కె వీడియో అరగంట తీస్తే ఆ 5 జీబీ నిండినట్టే. నిండాక కొత్త ఫొటోలు పైకి వెళ్లవు, పాతవి మాత్రం రెండు చోట్లా మామూలుగానే కనిపిస్తాయి. అందుకే సింక్ ఆగిపోయిన సంగతి చాలా రోజులు తెలియదు. చోటుంటే సరిపోదు, అప్‌లోడ్ వేగమూ కావాలి: ఆ ఒక్క నిమిషం వీడియో 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు, అంటే 1.25 ఎంబీ) లైను మీద వెళ్లడానికి 2 నిమిషాలకు పైనే పడుతుంది.

చోటు కోసం ఫొటోలు తీసెయ్యడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. గూగుల్ ఫొటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే బ్యాకప్ అయిన ఫొటోల కాపీలు ఆ పరికరంలోంచి మాత్రమే పోతాయి. ఫొటోను ఎంచుకుని డిలీట్ కొడితే అది అకౌంట్‌లోంచే పోతుంది, అంటే ఫోన్‌లోంచీ ట్యాబ్‌లోంచీ కూడా. బ్యాకప్ అయినదైతే 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఆపిల్ ఫొటోస్‌లో డిలీట్ చేసినవి ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులు దొరుకుతాయి. సింక్‌నే బ్యాకప్ అనుకోవడం పెద్ద పొరపాటు. మీరు కావాలని తీసేశారా, పొరపాటున తీసేశారా అన్నది సింక్‌కు పట్టదు. సమాధిరాయి నాటి, కబురు అన్నిచోట్లకూ చేరవేస్తుంది, అంతే.

వాట్సాప్ తీరు కొంచెం వేరు. ఫోన్‌కు తోడుగా 4 పరికరాల వరకు లింక్ చేసుకోవచ్చు, ప్రతిదానికీ సందేశాలను విప్పే సొంత తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ కీ) ఉంటుంది. అయితే 14 రోజులకు మించి ఫోన్‌లో వాట్సాప్ వాడకపోతే ట్యాబ్‌లో లాగౌట్ అవుతుంది. అది సింక్ చెడిపోవడం కాదు, నియమం.

అంతా సవ్యంగా ఉందో లేదో తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఫోన్‌లో ‘పరీక్ష’ అని ఒక కాంటాక్టు పెట్టి, ట్యాబ్‌లో కనబడే దాకా చూడండి. ట్యాబ్‌లో దాని నంబరు మార్చి, ఫోన్‌లో మారిందో లేదో చూడండి. తర్వాత ఫోన్‌లో డిలీట్ చేసి, ట్యాబ్‌లోనూ పోయిందని నిర్ధారించుకోండి. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. చేర్చడం, మార్చడం, తీసెయ్యడం మూడూ దాటితేనే సింక్ రెండువైపులా పనిచేస్తున్నట్టు.

పాత ట్యాబ్‌ను ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం ఫొటోలు, పేర్లు ఒక్కొక్కటే డిలీట్ చేస్తూ కూర్చోవద్దు. అకౌంట్ ఇంకా అందులోనే ఉంటే ఆ డిలీట్లన్నీ ఫోన్‌కూ చేరతాయి. ముందు చివరి మార్పులు సింక్ అయ్యాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత అకౌంట్ తొలగించి, సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. రీసెట్ చేసిన ట్యాబ్ సర్వర్‌కు ఏ డిలీట్ కబురూ పంపదు, ఫోన్‌లో ఉన్న 386 పేర్లూ అలాగే ఉంటాయి.