ప్రమాదంలో కాలం నెమ్మదిస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కాలానుభూతి గురించి మాట వస్తే చాలు, ఈ ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: “లారీ మీదికి వస్తుంటే అంతా స్లో మోషన్‌లో కనిపించింది. అంత టైమ్ ఉండి కూడా బ్రేక్ ఎందుకు తొక్కలేకపోయాను?” ప్రమాదం నుంచి బయటపడినవాళ్లను ఏళ్ల తరబడి తొలిచే ప్రశ్న ఇది. జవాబు ముందే చెప్పేస్తాను: ఆ టైమ్ మీకు లేదు.

అపోహ: ప్రాణం మీదికి వస్తే మెదడు వేగం పుంజుకుంటుంది, అందుకే లోకం నెమ్మదిస్తుంది.

వాస్తవం: 2007లో అమెరికాలో మెదడు మీద పరిశోధనలు చేసే డేవిడ్ ఈగిల్‌మన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. వాలంటీర్లను 31 మీటర్ల ఎత్తు నుంచి వెల్లకిలా వలలోకి వదిలేశారు. పడటానికి పట్టేది సుమారు 2.5 సెకన్లు. మణికట్టుకు కట్టిన చిన్న తెర మీద ఒక అంకె, దాని నెగటివ్ బొమ్మ మారిమారి వెలుగుతుంటాయి. మామూలు చూపుకు రెండూ కలిసిపోయి అంకె పోల్చుకోలేనంత వేగం అది. చూపు నిజంగా చురుకెక్కితే పడుతున్నప్పుడు ఆ అంకె చదవగలగాలి. చదవలేకపోయారు. ఎంతసేపు పడ్డారో స్టాప్‌వాచ్ మీద చూపించమంటే మాత్రం, ఇతరులు పడుతుంటే చూసి తామే ఇచ్చిన అంచనా కంటే 36 శాతం ఎక్కువ చూపించారు.

అంటే సాగినది జ్ఞాపకం. పరిశోధకుల వివరణ ప్రకారం, భయంలో అమిగ్డాలా (మెదడులో భయంలాంటి భావోద్వేగాలను చూసుకునే భాగం) చురుగ్గా పనిచేసి మామూలుగా వదిలేసే వివరాలను కూడా దట్టంగా ముద్ర వేస్తుంది. తర్వాత గుర్తు చేసుకునేటప్పుడు అన్ని వివరాలున్న ఘటన చాలాసేపు జరిగినట్టు తోస్తుంది.

ఇక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. లైటు వెలగగానే బటన్ నొక్కడానికే 0.2 సెకను పడుతుంది. రోడ్డు మీద అనుకోనిది కనిపించి, అదేమిటో పోల్చుకుని, కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేక్ మీదికి చేరడానికి 1.5 సెకన్లు వేసుకోవాలి. ఈలోపే బండి 25 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ పట్టినా ఆగడానికి మరో 20. మనిషి 20 మీటర్ల దూరంలో అడ్డొస్తే, కాలు బ్రేక్‌ను తాకకముందే 1.2 సెకన్లలో అక్కడ ఉంటారు. “అవసరమొస్తే ఆ క్షణంలో మెదడే చూసుకుంటుందిలే” అని ముందు బండికి ఆనుకుని నడిపేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ప్రమాదం ఎలా జరిగిందో ఆరా తీసేవాళ్లకూ ఇది పనికొస్తుంది. “పది సెకన్లు హారన్ కొట్టాడు” అని సాక్షి చెబితే అది అబద్ధం కానక్కర్లేదు, అలాగని కొలతా కాదు. ఎన్ని సెకన్లని అడగకండి. జరిగింది మొదటి నుంచి మనసులో తిప్పుకుని మొదలు, చివర చెప్పమనండి. స్టాప్‌వాచ్ మీరు పట్టుకోండి. అదీ అంచనాయే, కాకపోతే కాస్త మెరుగు. సీసీటీవీ ఉంటే, దాన్ని రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలోని గడియారాన్ని కళ్లుమూసుకుని నమ్మొద్దు. దాన్ని నడిపే క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షలకు 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లు, సరిచేయకపోతే ఏడాదికి పది నిమిషాలు తేడా వస్తుంది. రికార్డర్ తెర, నెట్‌వర్క్ సమయం చూపించే ఫోన్, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి ఆ తేడా రాసుకోండి. ఫ్రేములు లెక్కపెట్టే ముందు అసలు ఫ్రేమ్ రేటు చూడండి. సెకనుకు 12 ఫ్రేములున్న వీడియోను 25 అనుకుని లెక్కేస్తే వ్యవధి సగానికి పడిపోతుంది.

మిగతావి గబగబా.

“షూమన్ రెజొనెన్స్ పెరిగింది, రోజు 16 గంటలకు కుదించుకుపోయింది” అనే ఫార్వర్డ్ ఇంకా చావలేదు. భూమికీ అయనోస్ఫియర్‌కూ (పైవాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) మధ్య మెరుపుల వల్ల పుట్టే తరంగాల పౌనఃపున్యం అది, 7.8 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. దాన్ని ప్రధానంగా నిర్ణయించేది భూమి చుట్టుకొలత. రోజు నిడివిలో మార్పులు నిజమే, కానీ మిల్లీసెకన్లలో. పంపేముందు ఏదైనా గడియారం చూస్తే సరిపోయేది.

వయసు పెరిగేకొద్దీ ఏళ్లు పరుగెత్తడం జబ్బేమీ కాదు, కంగారు పడకండి. ఏ పూటో, ఏ రోజో తరచూ తెలియకపోవడం వేరే సంగతి; దానికి డాక్టర్‌ను కలవాలి.

గడియారం వైపు చూడగానే సెకన్ల ముల్లు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. బ్యాటరీ మార్చకండి. కళ్లు అటు తిరిగే వ్యవధిలో చూపు అణిగి ఉంటుంది, ఆ ఖాళీని మెదడు తర్వాత కనబడిన ముల్లు బొమ్మతోనే పూరిస్తుంది.

వీటన్నిటికీ ఐన్‌స్టీన్‌ను సాక్ష్యం పిలవడం మరో అలవాటు. సాపేక్షత గడియారాలకు సంబంధించినది, అనుభూతికి కాదు. జీపీఎస్ ఉపగ్రహంలో గడియారం గురుత్వం తక్కువ కావడం వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 వెనక్కి జరుగుతుంది, నికరంగా 38. సరిచేయకపోతే దూరాల లెక్క రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున తప్పుతుంది. అంతకంటే చాలా కింద తిరిగే అంతరిక్ష కేంద్రంలో వేగం ప్రభావమే ఎక్కువ, అందుకే అక్కడ ఆరు నెలలుండి వచ్చిన వ్యోమగామికి మనకంటే 0.005 సెకను వయసు తక్కువ. అక్కడున్నన్నాళ్లూ ఆయన సెకను ఆయనకు సెకనులాగే గడిచింది.