మురుగు నీళ్ల సంగతి సరే, మడ్డి ఎక్కడికి పోతోంది? (అపోహలు - వాస్తవాలు)

విజయవాడలో మురుగు శుద్ధి పనిలో ఉన్నవాణ్ణి. చుట్టాల ఇళ్లలోనూ వీధిలోనూ నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: నీళ్లు తేటగా బయటికొస్తే ప్లాంటు పని అయిపోయినట్టే.

మురుగులో దాదాపు 99.9 శాతం నీరే. మిగిలిన పిసరంత మలినాన్ని విడదీయడమే మా పని. విడదీసినంత మాత్రాన అది మాయమైపోదు, మడ్డిగా మా దగ్గరే మిగులుతుంది. ట్యాంకు అడుగు నుంచి తీసిన మడ్డిలో ఒక శాతమే ఘనపదార్థం ఉందనుకోండి. దాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పి, నీరు పిండేసి 20 శాతానికి తెస్తే, వంద టన్నుల జావ ఐదు టన్నుల గట్టి ముద్ద (కేక్) అవుతుంది. లారీ ట్రిప్పులు తగ్గేది అక్కడే. ఇసుక బెడ్ల మీద ఆరబెట్టడం చవకే కానీ, మన మే నెల ఎండలకు బాగా ఆరిన మడ్డి శ్రావణ మాసం ముసురులో ఆరనే ఆరదు. నన్నడిగితే, ఏ ప్లాంటుకి వెళ్లినా ముందు మడ్డి షెడ్డు చూపించమనాలి.

అపోహ: మడ్డి మంచి ఎరువే కదా, రైతులకు ఇచ్చేయొచ్చుగా!

సగమే నిజం. నత్రజని, భాస్వరం ఉన్న మాట వాస్తవమే. వాటితోపాటు నులిపురుగుల గుడ్లూ ఉంటాయి. అవి ఆరిన మడ్డిలో కూడా నెలల తరబడి బతుకుతాయి. కంపోస్టు కుప్ప లోపల 55 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి నిలిస్తేనే చస్తాయి. లోహాలు ఏ వేడికీ పోవు. లోహాలకు పూత వేసే ప్లేటింగ్ షెడ్డు క్రోమియం, పాత బ్యాటరీల సీసం డ్రైనేజీలో కలిస్తే చాలావరకు చేరేది మడ్డిలోకే. ల్యాబ్ రిపోర్టు చూడకుండా పొలానికి పంపడం తప్పు.

అపోహ: వానొచ్చినప్పుడు మ్యాన్‌హోల్ మూత తీస్తే వీధిలో నీళ్లు లాగేస్తాయి.

దయచేసి తీయకండి. బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ని ముంచినంత వరదొస్తే ఎవరూ ఏం చేయలేరు. నేను చెప్పేది మామూలు సాయంత్రం వాన గురించి. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను వేసింది ఇళ్ల మురుగు కోసం, వాన నీళ్లకు కాలువలు వేరు. మూత తీస్తే మనుషులు పడిపోతారు, మట్టీ కవర్లూ లైనులో అడ్డం పడతాయి. ఇంకో నష్టం బయటికి కనపడదు. ఆ వాన నీళ్లన్నీ లైనులోంచి మా ప్లాంటుకే వస్తాయి. ప్లాంటులో మురుగును తినేవి సూక్ష్మజీవులు. అవి ఎలా ఉన్నాయో చూడటానికి వాటికి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నుంచి లీటరు నీళ్లు కొలజాడీలో తీసి, అరగంట కదపకుండా ఉంచుతాం. ఆ జీవులతో నిండిన గోధుమ రంగు మడ్డి మెల్లగా కిందికి దిగి ఒక గీత దగ్గర ఆగుతుంది, పైన తేట నీరు మిగులుతుంది. పెద్ద వాన తర్వాత అదే జాడీలో మడ్డి అడుగున కొద్దిగానే కనిపిస్తే టెన్షన్ మొదలవుతుంది. జీవులు నీళ్లతో కొట్టుకుపోయాయన్నమాట! మళ్లీ పెరగడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా శుద్ధి అంతంతమాత్రమే.

అపోహ: మంచినీళ్ల ప్లాంటులో వ్యర్థాలేం ఉంటాయి?

ఉంటాయి. కృష్ణలో ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో మట్టి అడుగుకి దిగడానికి పటిక ఎక్కువ వేస్తారు, అలా దిగిన మడ్డీ పెరుగుతుంది. ఫిల్టర్ బెడ్లు కడిగిన నీళ్లను మాత్రం తేర్చి మళ్లీ శుద్ధికి వాడుకోవచ్చు.

అపోహ: సెప్టిక్ ట్యాంకు పొంగేదాకా ముట్టుకోనక్కర్లేదు.

రెండు మూడేళ్లకోసారి తీయించాలి. ఆలస్యం చేస్తే మడ్డి గట్టిపడి మోటారుకి లాగదు, అప్పుడే మనిషిని దింపుదామనే ఆలోచన వస్తుంది. రక్షణ లేకుండా అలా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, లోపలి విషవాయువుకి ప్రాణాలే పోతాయి. ట్యాంకర్ వాళ్లకు డబ్బులిచ్చే ముందు ఏ ప్లాంటులో దింపుతారో అడగండి. చీకటి పడ్డాక బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో వదిలేస్తే, దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువలతోనే.