177 రూపాయల తగవు

ఖాతాలోంచి 177 రూపాయలు తీసుకున్నట్టు బ్యాంకు సందేశం వచ్చింది నా మిత్రుడికి. తగవు మాత్రం ఆదివారం ఉదయం టీ కొట్టు దగ్గర చేరిన మా నలుగురికీ అంటుకుంది. "చూశారా, మళ్లీ పన్ను లాగేశారు" అన్నాడతను. "పన్ను కాదురా, బ్యాంకు జరిమానా" అన్నాడు లెక్కలు బాగా తెలిసిన ఇంకొకడు. "ఎవరు తీసుకుంటే ఏమిటి, పోయింది నా డబ్బే కదా!" టీ చల్లారినా తగవు చల్లారలేదు.

తీరా లెక్క తీస్తే ఇద్దరి మాటా నిజమే. అందులో 150 రూపాయలు కనీస నిల్వ ఉంచనందుకు బ్యాంకు తీసుకున్న ఛార్జీ. మిగతా 27 రూపాయలు దాని మీద 18 శాతం జీఎస్టీ. పాత ఉద్యోగం మానేశాక జీతం పడటం ఆగిపోయి, నిల్వ అక్కరలేని ఆ జీతం ఖాతా చడీచప్పుడు లేకుండా మామూలు పొదుపు ఖాతాగా మారిపోయింది. డబ్బు తక్కువగా ఉందని జరిమానా, ఆ జరిమానా మీద మళ్లీ పన్ను. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ముందు ఆ 150 సంగతి.

చిన్న మొత్తాల కోసం బ్యాంకులు జనం దగ్గరకు వెళ్లిన కాలం ఒకటుంది. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే సమయానికి దేశంలో ఉన్న శాఖలు 8,262. వాటిలో పల్లెల్లో ఉన్నవి నాలుగో వంతు కూడా కావు. 1980 ఏప్రిల్‌లో మరో ఆరు బ్యాంకులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వాటిలో ఒకటి. 1990 నాటికి శాఖల సంఖ్య 60 వేలకు చేరువైంది. రైతు దాచిన వంద, టీచరు దాచిన రెండు వందలు పోగైతేనే అప్పులివ్వడానికి డబ్బు ఉండేది. అందుకే చిన్న ఖాతాదారును భారంగా చూసే అలవాటు అప్పటికి అంతగా లేదు.

ఆ రోజుల్లో ఇలాంటి కోతలే లేవని మా పెద్దవాళ్లు గొప్పగా చెబుతారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. కోత అప్పుడూ ఉంది, పాస్‌బుక్కులో కనిపించేది కాదు, అంతే. 2010 మార్చి 31 వరకు పొదుపు ఖాతా వడ్డీని ఎలా లెక్కించేవారో ఎంతమందికి గుర్తుందో! నెలలో 10వ తేదీ నుంచి చివరి రోజు వరకు ఖాతాలో ఏ రోజు అతి తక్కువ సొమ్ము ఉందో, ఆ సొమ్ము మీదే నెలంతటికీ వడ్డీ. ఒకటో తారీఖున 20 వేల జీతం పడి, 25వ తేదీకి 500 రూపాయలు మిగిలాయనుకోండి, ఆ నెల వడ్డీ 500 మీదే. మిగతా సొమ్ము ఖాతాలో ఉన్నన్ని రోజులూ బ్యాంకు దాన్ని ఉచితంగా వాడుకున్నట్టే. జీతం మీద బతికే ప్రతి ఇల్లూ నెలనెలా ఈ రుసుము కట్టింది, కట్టినట్టు తెలియకుండానే. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ లెక్కించడం మొదలైంది. ఇంత మంచి మార్పుకు మా టీ బల్ల దగ్గర ఎవరూ ఎన్నడూ చప్పట్లు కొట్టలేదు.

మరుసటి ఏడాది ఇంకో మార్పు. అప్పటిదాకా పొదుపు వడ్డీ ఎంతో రిజర్వ్ బ్యాంకే చెప్పేది: 2003 నుంచి 3.5 శాతం, 2011 మేలో 4 శాతం. 2011 అక్టోబరు 25న ఆ పగ్గం వదిలేసి, రేటు మీరే నిర్ణయించుకోండని బ్యాంకులకు చెప్పింది. పోటీ వస్తే వడ్డీ పెరుగుతుందని ఆశపడ్డవారున్నారు. కొన్ని ప్రైవేటు బ్యాంకులు నిజంగానే పెంచాయి. దేశంలో అతి పెద్దదైన స్టేట్ బ్యాంకు మాత్రం క్రమంగా దిగుతూ 2025 జూన్‌కు 2.5 శాతం దగ్గర ఆగింది.

1990ల్లో వచ్చిన కొత్తతరం ప్రైవేటు బ్యాంకులు అంతకుముందే కనీస నిల్వను వేలల్లో అడగడం అలవాటు చేశాయి. చల్లటి గది, కంప్యూటరు, ఏటీఎం కార్డు కావాలంటే ఖాతాలో అంత ఉంచాలి. లేనివారు ఆ గుమ్మం తొక్కక్కర్లేదని చెప్పకనే చెప్పినట్టు. పేదవారు మిగిలిపోతున్నారని గమనించిన రిజర్వ్ బ్యాంకు 2005 నవంబరులో హంగులు లేని ఖాతాలు తెరవమంది. 2012లో వాటినే బేసిక్ పొదుపు ఖాతాలుగా మార్చింది. వాటికి కనీస నిల్వ సున్నా. 2014 ఆగస్టు 28న మొదలైన జనధన్ ఖాతాలూ ఈ కోవలోవే. అదే ఏడాది నవంబరులో రిజర్వ్ బ్యాంకు మామూలు ఖాతాల ఛార్జీలకు కూడా కొన్ని హద్దులు గీసింది. నిల్వ ఎంత తగ్గితే దానికి తగిన నిష్పత్తిలోనే ఛార్జీ వేయాలి. ముందుగా కబురు చేసి, సరిదిద్దుకోవడానికి నెల గడువివ్వాలి. కేవలం ఈ ఛార్జీ వల్ల ఖాతా సున్నా కిందికి జారకూడదు. నా మిత్రుడికి ముందుగా కబురు వచ్చిందా అని అడిగాను. వచ్చే ఉంటుందట, ప్రకటనల మెయిళ్ల కుప్పలో.

అసలు దుమారం 2017లో రేగింది. స్టేట్ బ్యాంకు 2012లో తీసేసిన జరిమానాను ఏప్రిల్ 1 నుంచి తిరిగి తెచ్చింది. మహానగరాల్లో 5,000, పల్లెల్లో 1,000 ఉంచాలి. సరిగ్గా అదే రోజున స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ దానిలో కలిసిపోయింది. నిజాం కాలంలో, 1941లో పుట్టిన బ్యాంకు అది. తెలంగాణలో తరాలుగా అందులో ఖాతా ఉన్నవారు రాత్రికి రాత్రే కొత్త బ్యాంకు కిందికి, కొత్త నిబంధనల కిందికి వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా స్టేట్ బ్యాంకు ఈ ఛార్జీల కింద 1,771 కోట్ల రూపాయలు వసూలు చేసిందని ఆర్థిక శాఖ లెక్కలు చెప్పాయి. జులై–సెప్టెంబరు మూడు నెలల్లో ఆ బ్యాంకు లాభం 1,581 కోట్లే! గోల పెరిగేకొద్దీ నిల్వ తగ్గించారు, ఛార్జీ తగ్గించారు, చివరికి 2020 మార్చిలో 44 కోట్లకు పైగా పొదుపు ఖాతాలకు పూర్తిగా ఎత్తేశారు.

మిగతా ప్రభుత్వ బ్యాంకులు అంత త్వరగా కదల్లేదు. 2019–20 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు ఈ పేరుతో దాదాపు 8,500 కోట్లు తీసుకున్నాయని 2024లో పార్లమెంటుకు ప్రభుత్వమే చెప్పింది. 2025 జూన్‌లో కెనరా బ్యాంకు, జులైలో పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా ఈ జరిమానాను వదిలేశాయి. ఆ మరుసటి నెలలోనే ఐసీఐసీఐ బ్యాంకు ఎదురు దారి పట్టి నగరాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వను 50,000 చేసింది. విమర్శలు వెల్లువెత్తగా కొద్ది రోజుల్లోనే 15,000కు దిగింది.

ఇక 27 రూపాయలు. దీని వయసు తక్కువ. 1994 బడ్జెట్‌లో మన్మోహన్ సింగ్ టెలిఫోను, సాధారణ బీమా, షేర్ బ్రోకర్లు అనే మూడే మూడు సేవల మీద 5 శాతంతో సేవా పన్ను మొదలుపెట్టారు. 2001లో బ్యాంకు సేవలు దాని కిందికి వచ్చాయి. రేటు ఎక్కుతూ దిగుతూ, సెస్సులు తగిలించుకుంటూ 15 శాతానికి చేరింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి 18 చేసింది. మధ్యలో 2005లో చిదంబరం తెచ్చిన నగదు లావాదేవీల పన్ను ఇంకా విచిత్రం. పొదుపు ఖాతా కాని ఖాతాల్లోంచి వ్యక్తులు ఒక్క రోజులో 25,000 దాటి నగదు తీస్తే నూటికి పది పైసలు పన్ను. సొంత డబ్బు సొంత ఖాతాలోంచి తీసుకున్నందుకు! ఆ పరిమితిని తర్వాత 50,000కు పెంచారు, 2009లో పన్నునే తీసేశారు. "బ్యాంకులో డబ్బు తీసినా పన్నే" అని ఇప్పటికీ వాదించేవారి మనసులో ఉన్నది బహుశా ఆ జ్ఞాపకమే.

పన్నుల వాళ్లు ఎప్పుడూ తీసుకునే పక్షానే ఉంటారని నా మిత్రుడి వాదన. 2020 ఆగస్టు సంగతి చెబితే నమ్మలేదు. బేసిక్ ఖాతాల్లో నెలకు నాలుగు దాటిన ప్రతి లావాదేవీకీ స్టేట్ బ్యాంకు 17 రూపాయల 70 పైసలు తీసుకునేది, యూపీఐతో చెల్లించినా సరే. ఆ ఏడాది జనవరి 1 తర్వాత యూపీఐ, రూపే చెల్లింపుల మీద తీసుకున్న ఛార్జీలను తిరిగి ఇచ్చేయమని బ్యాంకులను ఆదేశించింది ఎవరనుకున్నారు? ఆదాయపు పన్ను శాఖను నడిపే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు.

జరిమానా మీద పన్ను ఏమిటన్న అతని ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. రుణం షరతులు తప్పినందుకు బ్యాంకులు వేసే అపరాధ రుసుము మీద జీఎస్టీ ఉండదని 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ మండలి తేల్చింది. అప్పు తీసుకున్నవాడికి దొరికిన ఆ వెసులుబాటు, తన డబ్బు దాచుకున్నవాడికి ఎందుకు లేదో నాకు బోధపడలేదు.

సోమవారం అతను శాఖకు వెళ్లాడు. బేసిక్ ఖాతాగా మార్చమని రాసిస్తే మారుస్తారని నేనే చెప్పి పంపాను. అక్కడి మేనేజరు మొదటిసారి కదా అని 177 రూపాయలూ తిరిగి జమ చేయించారు. మరుసటి ఆదివారం ఫోను తీసి ఆ సందేశం అందరికీ చూపించాడు. లెక్కలవాడు కళ్లజోడు సవరించుకుని చూసి, "మరి దీన్ని రిటర్నులో ఆదాయంగా చూపిస్తావా?" అన్నాడు.

ఇంకో నాలుగు టీలు చెప్పాం.